ఫోన్ పక్కన ఒక నోటుబుక్కు: కొత్తవాడ సంఘం వెబ్‌సైట్ పని డైరీ

1వ రోజు

వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే ఒక సంఘానికి వెబ్‌సైట్ మళ్లీ చేసిపెట్టే పని ఇవాళ ఒప్పుకున్నాను. నేను ఉండేది హనుమకొండలో. చాలా ఏళ్లు డీటీపీ పని చేసి, తర్వాత ఇది నేర్చుకుని, చిన్న చిన్న సంస్థలకు సైట్లు చేస్తున్నాను. బడులు, సంఘాలు, ట్రస్టులు ఎవరు పిలిచినా దాదాపు ఇవే చిక్కులు ఎదురవుతున్నాయి కాబట్టి ఈసారి మొదటి రోజు నుంచీ రాసిపెడుతున్నాను. ఇలాంటి పనే మొదలుపెట్టబోయేవాళ్లకు ఉపయోగపడాలని నా కోరిక.

పాత సైట్‌ను ముందు ఫోన్‌లోనే తెరిచాను. సంఘానికి వచ్చేవాళ్లు చూసేది అందులోనే కదా. చాలాసేపు తెల్ల తెర. తర్వాత ఒక ఫోటో, రిబ్బన్ కత్తిరిస్తున్న అతిథులు. దాని వెనకాలే ఇంకోటి, శాలువా కప్పుతున్నది. అలా ఐదు ఫోటోలు తిరిగాయి. ఒక్కదాంట్లోనూ జంపఖానా లేదు. కింద ఎర్రటి అక్షరాలతో ‘సుస్వాగతం’ అని పరుగెత్తే వరుస. ఆ కింద తెలుగు పేరా ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు, బ్రాకెట్లు, గుర్తులు కలిసిపోయి ఉన్నాయి. డీటీపీ చేసినదాన్ని కాబట్టి చూడగానే తెలిసింది. డీటీపీలో వాడే అను ఫాంట్లలో టైపు చేసిన మ్యాటర్‌ను, ఏ ఫోన్‌లోనైనా తెలుగుగా కనిపించే యూనికోడ్‌లోకి మార్చకుండా ఉన్నదున్నట్టు అతికించారు. ఆ ఫాంట్ ఉన్న కంప్యూటర్‌లో చదివితే అది చక్కటి తెలుగే. ఫోన్‌లో చదివేవాళ్లకు మాత్రం ఒక్క ముక్క అర్థం కాదు. గూగుల్‌లో ‘వరంగల్ జంపఖానాలు’ అని వెతికేవాళ్లకు ఆ పేజీ దొరకదు కూడా, ఎందుకంటే కంప్యూటర్ లెక్కలో ఆ పేజీలో ఆ మాటలే లేవు.

అడ్రస్‌లో ఇంకా ‘వరంగల్ అర్బన్ జిల్లా’ అని ఉంది. 2021లోనే ఆ జిల్లా పేరు హనుమకొండ అయింది, వరంగల్ రూరల్ వరంగల్ జిల్లా అయింది, మండలాలు అటూ ఇటూ మారాయి. ఆ ఒక్క వరుస చూసిన మనిషికి మిగతా పేజీ మీద కూడా అనుమానం వస్తుంది. ఈ ఫోన్ నంబరు ఇప్పుడు పనిచేస్తుందా, ఈ దుకాణం అసలు ఉందా అని.

2వ రోజు

సంఘం ఆఫీసులో కూర్చున్నాం. అధ్యక్షుడు, లెక్కలు చూసే అన్న, కమిటీలో ఇద్దరు, గోడవారగా కుర్చీలో ఒక పెద్దాయన. జీవితమంతా మగ్గం మీదే గడిపిన మనిషి. అందరూ ఆయన్ను తాత అంటారు, నేనూ అలాగే పిలిచాను.

సైట్‌లో ఏమేం ఉండాలని అడిగాను. అధ్యక్షుడి సందేశం, కమిటీ ఫోటోలు, సంఘం చరిత్ర, గ్యాలరీ, సన్మానాలు అన్నారు. వాళ్లను తప్పుపట్టడానికి లేదు. ఏ సంస్థను అలా అడిగినా ఇదే జాబితా చెబుతుంది. మాట్లాడుతుండగా మూడుసార్లు ఫోన్ మోగింది. మూడుసార్లూ అన్న లేచి వెళ్లి చెప్పింది ఒకటే మాట: “పోచమ్మ మైదాన్ కాడికొచ్చి ఫోన్ చెయ్యుండ్రి, పిలగాన్ని పంపిస్త.”

మూడోసారి ఆ మాట విన్నాక సంచిలోంచి ఒక వందపేజీల నోటుబుక్కు తీసి ఫోన్ పక్కన పెట్టాను.

“అన్నా, రెండు వారాలు ఎవరు ఫోన్ చేసినా ఏం అడిగారో ఒక్క వరుస రాయండి. పేరొద్దు, నంబరొద్దు. వాళ్లు అన్న మాట అన్నట్టే రాయండి.”

“నేను చెప్పిన జవాబు గూడ రాయాల్నా?”

“రాయండి. సైట్‌లో పెట్టేది అదే.”

ఆయన నోటుబుక్కు అటూ ఇటూ తిప్పి చూసి, మార్జిన్ గీసి, పైన తేదీ వేశారు. ఆ పద్ధతి చూశాక నాకు ధైర్యం వచ్చింది. లెక్కలు రాసే చెయ్యి ఏదీ వదిలిపెట్టదు.

5వ రోజు

డొమైన్, అంటే సైట్ అడ్రస్‌గా టైపు చేసే పేరు సంగతి. పాత సైట్ చేసినవాళ్లు దాన్ని సంఘం పేరున కాకుండా తమ సొంత ఈమెయిల్‌తో కొన్నారు. పాస్‌వర్డ్ సంఘంలో ఎవరి దగ్గరా లేదు. ఫోన్ చేస్తే ‘చూస్తాం’ అంటున్నారు. బిల్లుబుక్కుల మీద, సంచుల మీద అచ్చు వేయించుకున్న పేరు అది. దాని మీద సంఘానికి హక్కుందని చూపే కాగితం ఒక్కటీ లేదు. ఇల్లు కట్టిన మేస్త్రీ పట్టా తన పేరున రాయించుకుంటే ఊరుకుంటామా? నాకు నిజంగా కోపం వచ్చింది. ఇది ఒక్క ఈ సంఘానికి జరిగింది కాదు, నేను చూసిన చాలా సంస్థలది ఇదే పరిస్థితి.

సంస్థ నడిపేవాళ్లు ఈ ఒక్కటి ఇవాళే చూసుకోండి. మీ డొమైన్ ఏ ఈమెయిల్ కింద ఉంది, రెన్యువల్ తేదీ ఎప్పుడు, పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంది. ఈ మూడూ తీర్మానాల పుస్తకంలో రాసి ఉండాలి.

16వ రోజు

నోటుబుక్కు చేతికొచ్చింది. 71 వరుసలు. ఇంటికి తెచ్చుకుని, ఒక్కో ప్రశ్న ఒక్కో చీటీ మీద రాసి, నేల మీద పరిచి, ఒకేలాంటివి ఒక చోటికి చేర్చాను.

అన్నిటికంటే పెద్ద కుప్ప సైజులు, ధరలది. “మంచం మీదికి ఎంతది సరిపోతది?” “హాలు పన్నెండడుగులుంటది, అంతది దొరుకుతదా?” రెండో కుప్ప దారి. అందులో రైల్లో వచ్చేవాళ్ల ప్రశ్న ఒకటి ఐదుసార్లు ఉంది: “కాజీపేటల దిగాల్నా, వరంగల్‌ల దిగాల్నా?” ఊళ్లో ఉండేవాళ్లకు తట్టని ప్రశ్న. మాకు వరంగల్ స్టేషనే దగ్గర, కాజీపేటలో దిగితే మరో పది కిలోమీటర్లు రావాలి. హైదరాబాద్ వైపు నుంచి వచ్చేవాళ్లకు కాజీపేట ముందు తగులుతుంది కాబట్టి అక్కడే దిగిపోతున్నారు.

తర్వాత “ఒక్కటి కావాలంటే ఇస్తరా, హోల్‌సేలేనా?” ఇది తొమ్మిది మంది అడిగారు. తొమ్మిది మంది ఫోన్ చేసి అడిగారంటే, పాత సైట్ చూసి ఒక్కటి ఇవ్వరులే అనుకుని ఊరుకున్నవాళ్లు ఇంకెందరో. ఆ తర్వాత ఉతకడం, రంగు పోవడం. చేతితో నేసినవా, మిషన్‌వా అని. ఆదివారం తెరిచి ఉంటుందా అని. ఫంక్షన్ హాల్‌కు ఒకేసారి యాభై కావాలంటే ఎన్ని రోజులు పడుతుంది అని.

చీటీలన్నీ సర్దాక చూస్తే సైట్ పటం నా ముందు నేల మీదే ఉంది. కుప్ప ఎంత పెద్దదైతే జవాబు అంత పైన ఉండాలి. అంతకంటే వేరే ప్లాన్ గీయలేదు.

సాయంత్రం ఫోన్: డొమైన్ సంఘం ఈమెయిల్‌కు బదిలీ అయింది. అధ్యక్షుడు నాలుగైదుసార్లు స్వయంగా మాట్లాడితే గానీ కాలేదు.

17వ రోజు

నోటుబుక్కులో నాకు అన్నిటికంటే నచ్చింది మాటలు. ఒకే వస్తువును ఒకరు జంపఖానా అన్నారు, ఒకరు జంఖానా, ఇంకొకరు సత్రంజీ, హైదరాబాద్ నుంచి చేసినవాళ్లు దరీ, కొందరు కార్పెట్. పాత సైట్ మెనూలో మాత్రం ‘ఉత్పత్తులు’ అని ఉంది. 71 వరుసల్లో ఆ మాట ఒక్కసారీ లేదు.

మెనూ మార్చాను. ‘ఉత్పత్తులు’ పోయి ‘జంపఖానాలు’ వచ్చింది. ‘సంప్రదించండి’ పోయి ‘ఫోన్, దారి’. ‘తరచుగా అడిగే ప్రశ్నలు’ అనే పేజీ పెట్టలేదు. ఉతకడం గురించిన జవాబు జంపఖానాల పేజీలోనే ఉండాలి, స్టేషన్ గురించింది దారి పేజీలోనే ఉండాలి. అన్నీ తెచ్చి ఒక పేజీలో పోస్తే ఎవరి జవాబు వాళ్లు వెతుక్కోవాలి. జంపఖానాల పేజీ మొదటి పేరాలో సత్రంజీ, దరీ అనే మాటలు కూడా మామూలు వాక్యంలో వచ్చేలా రాశాను. వెతికేవాళ్లు ఏ మాటతో వెతికినా చేరాలి. అలాగని ఒకే మాటను పేరా నిండా ఇరవైసార్లు కుక్కకూడదు. చదివే మనిషికి అది తెలిసిపోతుంది.

ఒక ఫారం ఉండేది, ‘మీ సందేశం పంపండి’ అని. అది వెళ్లే ఈమెయిల్‌ను ఎవరూ తెరవరు. తీసేశాను. ఫోన్ నంబరును నొక్కితే నేరుగా కాల్ కలిసేలా, పక్కన వాట్సాప్ బటన్. ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల వరకు ఫోన్ ఎత్తుతారో కూడా అక్కడే రాశాను.

20వ రోజు

ధరల మీద వాదన. కమిటీ అంతా వచ్చారు.

అధ్యక్షుడి మాట ఇది: “ధర పెడితే పక్కోడు సూసి పది రూపాయలు తక్కువ పెడ్తడు. నూలు రేటు నెలకోతీరు ఉంటది. రేపు పెరిగితే సైట్ల ఉన్న ధరకే ఇయ్యమంటరు.”

రెండోది న్యాయమైన భయమే. నేను నోటుబుక్కు తెరిచి సైజులు, ధరల ప్రశ్నలన్నీ వరుసగా చదివాను. ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు తాత అన్నాడు: “ధర సెప్పకపోతే మనది మస్తు పిరమనుకుంటరు బిడ్డా. అడగకుంటనే పోతరు. పోయి మిషన్ది కొనుక్కుంటరు. ఆ పోయినోళ్లు మనకు కండ్లవడరు గద.”

నేను ఎంత చెప్పినా రాని మాట అది. చివరికి కుదిరింది ఇలా. ఒక్కో సైజుకు ‘ఇంత నుంచి మొదలు’ అని రాస్తాం. పక్కనే ‘ఈ ధరలు ఫలానా తేదీ నాటివి, నూలు ధరను బట్టి మారవచ్చు’ అని తేదీతో సహా ఉంటుంది. ప్రతి నెలా మొదటి వారంలో ఆ తేదీ మార్చే బాధ్యత ఎవరిదో కూడా అక్కడే తీర్మానం రాశారు. తేదీ వేసి మార్చకపోతే వేయకపోవడం కంటే నష్టం.

సైజు పట్టికలో అడుగుల పక్కన ఆ సైజు దేనికి పనికొస్తుందో రాశాను. 3×6 దగ్గర ‘ఒకరు పడుకోవడానికి’, 4×6 దగ్గర ‘సింగిల్ మంచానికి’. అంకె చదివి ఊహించుకోలేనివాళ్లు చాలామంది ఉంటారు.

23వ రోజు

‘మా గురించి’ పేజీ. పాత మ్యాటర్‌ను యూనికోడ్‌లోకి మార్చుకుని చదివాను. కాకతీయులతో మొదలైంది. 1163 నాటి వేయిస్తంభాల గుడి, తర్వాత కోట, తోరణాలు. సంఘం పేరు వచ్చేసరికి మూడో పేజీ. మన ఊరి చరిత్ర మీద నాకు ఎంతో ప్రేమ. కానీ జంపఖానా కొనడానికి వచ్చిన మనిషి అక్కడిదాకా చదవడు.

ఇంకో ఇబ్బంది, అందులో తివాచీలనూ జంపఖానాలనూ ఒకటిగా కలిపేశారు. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనకు వెళ్లినవి వరంగల్ తివాచీలు, అంటే ముడులు వేసి కుచ్చు కత్తిరించేవి. జంపఖానా పడుగు పేకలతో, అంటే నిలువు పోగులు, అడ్డ పోగులతో చదునుగా నేసేది. రెండూ ఈ ఊరివే, రెండూ గొప్పవే, పనితనం వేరు. ఇది తెలిసిన కొనుగోలుదారు ఆ పేరా చదివితే వీళ్లకు తమ పనే తెలియదనుకుంటాడు. ఎంత అన్యాయం!

కొత్త పేజీని తాత దగ్గర కూర్చుని రాశాను. మొదటి వాక్యం ‘మేం కొత్తవాడలో మగ్గాల మీద నూలు జంపఖానాలు నేస్తాం’. రెండో పేరా చేతితో నేసినదాన్ని గుర్తుపట్టడం గురించి. ఆయన ఒక జంపఖానా మడత విప్పి తిరగేసి చూపించాడు. రంగు నూలుతో నేసిన డిజైన్ రెండు వైపులా ఒకేలా ఉంటుంది. అచ్చు వేసినదైతే బొమ్మ ఒక వైపే తేటగా ఉంటుంది. “అచ్చుది తక్కువదని కాదు, దాని ధర దానికి. నేసినదని సెప్పి అచ్చుది అమ్మొద్దు” అన్నాడు. ఆ మాటను దాదాపు అలాగే పేజీలో పెట్టాను. చరిత్ర కింద ఉంది, నాలుగు పేరాలు, చదవాలనుకున్నవాళ్లకు.

జీఐ గురించి జాగ్రత్త. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. ఆ విషయం ఎవరైనా రాయవచ్చు. కానీ ఆ గుర్తును తమ సరుకు మీద, తమ సైట్ మీద వాడుకోవాలంటే అధీకృత వినియోగదారుగా విడిగా నమోదు కావాలి. అందుకని ముందు కాగితాలు చూపించమన్నాను. అవి చూసేదాకా లోగో పెట్టను, సమాచారం మాత్రమే రాస్తాను.

26వ రోజు

అక్షరాల రోజు. తెలుగు సైట్లలో అందరూ తేలిగ్గా వదిలేసేది ఇదే కాబట్టి వివరంగా రాస్తున్నాను.

నేను తీసుకున్న రెడీమేడ్ డిజైన్ ఇంగ్లీషు కోసం చేసింది. హెడ్డింగ్‌లో ‘కొత్తవాడ’ అని పెట్టగానే ‘త్త’ కింద ఉన్న వత్తు సగం తెగిపోయింది. ఇంగ్లీషు అక్షరం గీత మీద కూర్చుంటుంది. తెలుగుకు పైన తలకట్లు, గుడులు, కింద వత్తులు. వరుసల మధ్య ఎడం ఇంగ్లీషుకు అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లు చాలు. తెలుగుకు 1.7 లేదా 1.8 పెడితే గానీ పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగలకుండా ఉండవు. హెడ్డింగులకు కూడా కనీసం 1.4 పెట్టాను. అక్షరం సైజు 18 పిక్సెల్స్. 14లో ‘మ’కూ ‘య’కూ తేడా తెలియక కళ్లు చిట్లించాల్సి వస్తుంది.

ఆ డిజైన్‌లో హెడ్డింగ్ అక్షరాలను కొంచెం ఎడంగా జరిపే సెట్టింగ్ ఉంది. తెలుగుకు దాన్ని సున్నా చేయాలి. మన అక్షరాలు ఒకదానితో ఒకటి కలిసి రూపం దాల్చేవి, మధ్యలో ఖాళీ పెడితే చదవడానికి అడ్డం.

ఫాంట్. మండలి నాకు ఇష్టం, గుండ్రంగా, పాఠ్యపుస్తకంలా ఉంటుంది. కానీ అందులో ఒకటే మందం. బోల్డ్ కావాలంటే బ్రౌజర్ తనే అక్షరాన్ని ఉబ్బిస్తుంది, ‘ఘ’, ‘ఋ’ లాంటివి పూడుకుపోతాయి. అందుకే నోటో సాన్స్ తెలుగు తీసుకున్నాను, సన్నం నుంచి లావు దాకా అన్ని మందాలూ నిజంగా గీసి ఉన్నాయి. ఫాంట్ వచ్చేలోపు ఫోన్‌లో ఉన్న తెలుగు ఫాంట్‌తోనే మ్యాటర్ కనిపించేలా పెట్టాను, తెల్ల తెర చూస్తూ ఎవరూ కూర్చోకూడదు. ఇటాలిక్ ఎక్కడా వాడలేదు. తెలుగును వాల్చి రాస్తే నొక్కి చెప్పినట్టు ఉండదు, పడిపోతున్నట్టు ఉంటుంది.

ఇంకో చిన్న సంగతి. ‘ఫోన్’ తర్వాత ‘పే’ అని నేరుగా టైపు చేస్తే ‘ఫోన్పే’ అవుతుంది. ‘ఫోన్‌పే’ రావాలంటే మధ్యలో కనిపించని విడదీసే గుర్తు ఒకటి పెట్టాలి. చాలా తెలుగు కీబోర్డుల్లో దానికి ఒక కీ ఉంటుంది. సైట్ మొత్తం వెతికి ఇలాంటివి నలభైకి పైగా సరిచేశాను.

పేజీల అడ్రస్‌లు మాత్రం తెలుగులో పెట్టలేదు. పెట్టొచ్చు, బ్రౌజర్‌లో అందంగానే కనిపిస్తుంది. కానీ వాట్సాప్‌లో పంపితే చాలాసార్లు అది విడిపోయి శాతం గుర్తులతో నిండిపోతుంది. అడ్రస్‌లు వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరాలు, గుణింతాల గుర్తులు, పొల్లులు ఒక్కోటీ మూడు బైట్లు (కంప్యూటర్ కొలత), విడిపోయినప్పుడు ఒక్కో బైటుకు మూడు గుర్తులు. ‘కొత్తవాడ’ అన్న ఒక్క మాటే 72 గుర్తుల పొడవవుతుంది. అది చూస్తే ఎవరైనా ఏదో మోసం లింకు అనుకుంటారు. అందుకే చిన్న ఇంగ్లీషు అక్షరాల అడ్రస్‌లు.

చివరగా, పేజీ భాష తెలుగు అని కోడ్‌లో చెప్పాను. చూపు లేనివాళ్లు ఫోన్‌లో చదివించుకునేటప్పుడు తెలుగు గొంతుతో వినిపించడానికి అది అవసరం. తెలుగు పేజీని ఇంగ్లీషు యాసలో వినడం ఎంత కష్టమో ఒకసారి వింటే మరిచిపోలేం.

29వ రోజు

ఫోటోలు. ట్యూబ్‌లైట్ కింద తీస్తే ముదురు ఎరుపు గోధుమ రంగులా పడుతోంది. ఉదయం పది గంటలకు వరండాలోకి తెచ్చాం. ఎండ నేరుగా పడని చోట, వెలుతురు మాత్రం బాగా వచ్చే చోట. ఒక నవారు మంచం తెప్పించి దాని మీద పరిచాం. ఫోటోలో మంచం ఉంటే సైజు చెప్పక్కర్లేదు. ప్రతి డిజైన్‌కూ మూడు ఫోటోలే: మొత్తం పరిచినది, ఒక మూల తిరగేసి వెనకవైపు కనిపించేలా, అంచు దగ్గర పడుగు పోగులు ముడి వేసిన చోటు బాగా దగ్గరగా.

మూడోదాని కోసం మోకాళ్ల మీద కూర్చుని చూస్తుంటే, నీలం పేక పోయి ఎరుపు పేక మొదలయ్యే చోట రెండు పోగులూ ఒకదాన్నొకటి పట్టుకుని తిరగడం కనిపించింది. అలా పట్టుకోకపోతే రంగు మారే ప్రతి చోటా సన్నటి చీలిక మిగులుతుందని తాత చెప్పాడు. వేలు పెట్టి ఒక్కో మలుపూ చూపించాడు. ఆయన వేలి కొసలు నూలు రాసి రాసి నున్నగా, మెరుస్తూ ఉన్నాయి. ఆ వేలితో సహా ఫోటో తీశాను. మొదటి పేజీలో పైన ఉండేది అదే. రిబ్బన్ ఫోటోలను ‘సంఘం విశేషాలు’ అనే పేజీకి మార్చాను, వాటి గౌరవం వాటికి ఉంది.

ఫోన్‌లో తీసిన ఫోటో ఒక్కోటి నాలుగైదు ఎంబీ. వెడల్పు 1200 పిక్సెల్స్‌కు తగ్గించి వెబ్‌పీ ఫార్మాట్‌లోకి మారిస్తే 150 కేబీ దగ్గరికి వచ్చాయి. ఫోన్ తెర మీద తేడా కనిపించదు. ప్రతి ఫోటోకూ వెనక ఒక వాక్యం రాశాను, ‘నీలం, ఎరుపు చారల 4×6 జంపఖానా, నవారు మంచం మీద’ అని. ఫోటో లోడ్ కాకపోయినా, చూడలేనివాళ్లు వింటున్నా, ఏముందో తెలియాలి. లింకు వాట్సాప్‌లో పంపినప్పుడు పక్కన కనిపించే బొమ్మ కూడా ఇదే ఉండేలా పెట్టాను. ఇక్కడ ఏ లింకైనా తిరిగేది వాట్సాప్ గ్రూపుల్లోనే.

32వ రోజు

సైట్ సిద్ధమైందనుకుని మగ్గాల షెడ్డుకు తీసుకెళ్లాను. కండెలు చుట్టే ఒక అక్క చేతికి ఆమె ఫోనే ఇచ్చి, “ఈ సంఘం ఆదివారం తెరిచి ఉంటదో లేదో చూడు అక్కా” అన్నాను. పక్కన నిలబడ్డాను గానీ ఏమీ చెప్పలేదు. చెప్పకుండా ఉండటమే కష్టం.

తెర మూలకు పగులు. బయట ఎండ. ఆమె ఫోన్‌ను దగ్గరికి పెట్టుకుంది, దూరం పెట్టింది, చేత్తో నీడ పట్టింది. టైమింగ్స్ ఉన్న వరుస మీదుగా రెండుసార్లు వేలు పోయింది, ఆగలేదు. “లేదు చెల్లె, రాసిలేదు” అంది.

రాసి ఉంది. నేనే తెలుపు మీద లేత బూడిద రంగులో రాశాను, నా గదిలో, నా మంచి తెర మీద చూసి. తర్వాత కొలిచాను. తెలుపుకూ ఆ బూడిదకూ వెలుగులో తేడా (కాంట్రాస్ట్) 2.85:1. మామూలు సైజు అక్షరాలకు అది 4.5:1 కంటే తక్కువ ఉండకూడదని వెబ్ యాక్సెసిబిలిటీ నియమాలు, అంటే సైట్‌ను అందరూ చదవగలిగేలా చేసే నియమాలు చెబుతాయి. నియమం నాకు తెలుసు, ‘చిన్న వివరమే కదా’ అని ఆ ఒక్క వరుసకు సడలించాను. ఆ వరుస కోసమే మనుషులు ఫోన్లు చేస్తున్నారు. ఆమె దగ్గర క్షమాపణ అడిగాను. “నాదే సూపు సరిగ లేదేమో” అంది. ఆ మాట విని బాధేసింది. తప్పు మనం చేస్తే చదవలేనివాళ్లు తమనే తప్పుపట్టుకుంటారు.

బూడిద రంగు మొత్తం తీసేశాను, నలుపుకు దగ్గరి ముదురు రంగు పెట్టాను. టైమింగ్స్‌ను ఫోన్ నంబరు కిందికి తెచ్చాను, ఆదివారం సంగతి విడిగా ఒక వరుస. మర్నాడు అదే అక్క, అదే ఎండలో, ఒక్క చూపులో చెప్పింది.

34వ రోజు

ఇంగ్లీషు పేజీ. తెలుగుదాన్ని అనువాదం చేయలేదు. బయటి రాష్ట్రాల నుంచి వచ్చే ప్రశ్నలు వేరు: పార్సిల్, బిల్లు, కనీసం ఎన్ని తీసుకోవాలి, నమూనా పంపుతారా. ఆ జవాబులే రాశాను. ఒక్క పేజీ సరిపోయింది.

38వ రోజు

సైట్ మొదలైంది. అప్పగింత కూడా ఇవాళే. లెక్కల అన్న కూతురు డిగ్రీ చదువుతోంది, నెలకోసారి మార్పులు తను చూసుకుంటానంది. ఆమెకు మూడు పనులే నేర్పాను: ధరల తేదీ మార్చడం, ఫోటో చిన్నది చేసి పెట్టడం, సెలవు రోజు ప్రకటన పెట్టి తర్వాత తీసేయడం. నేను చూస్తుండగా మూడూ రెండేసిసార్లు చేసింది. పాస్‌వర్డులు కవర్లో పెట్టి సంఘం బీరువాలో ఉంచాం. డొమైన్ రెన్యువల్ తేదీ తీర్మానాల పుస్తకంలో ఉంది. జీఐ కాగితాలు ఇంకా రాలేదు, లోగో లేకుండానే మొదలుపెట్టాం.

52వ రోజు

వేరే పని మీద వరంగల్ చౌరస్తా వరకు వెళ్లి, అక్కడి నుంచి కొత్తవాడ వెళ్లాను. నోటుబుక్కు ఇంకా ఫోన్ పక్కనే ఉంది, ఆపమని నేను చెప్పలేదు కాబట్టి అన్న రాస్తూనే ఉన్నారు. దారి అడిగేవాళ్లు తగ్గారు. స్టేషన్ గురించి ఒక్కరే అడిగారు. “నీలం చారలది, మంచం మీద ఉన్నది, ఇంక ఉన్నదా?” అని ఏడుగురు. అంటే ఏ డిజైన్ అయిపోయిందో సైట్‌లో కనిపించాలి. ఇది నేను ఆలోచించలేదు. అన్న కూతురికి ఫోటో కింద ‘ప్రస్తుతం లేదు, నేయించి ఇస్తాం’ అని రాయడం చూపించాను.

చివరి పేజీలో ఒక కొత్త ప్రశ్న ఉంది, జవాబు గడి ఖాళీగా. “మా అమ్మ కాలం నాటి జంపఖానా ఉంది, అంచు ఊడింది. మళ్లీ కట్టిస్తారా?”

“ఏం చెప్పారన్నా?”

“తాతనడిగి చెప్తనన్న. తాత రెండ్రోజుల సంది వస్తలేడు, జ్వరమట.”

ఇల్లు ఎక్కడో కనుక్కుని, నోటుబుక్కు తీసుకుని బయల్దేరాను.